రాళ్లకు కట్టిన సంత

ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, గోదావరి జిల్లాలు రెండింటిలోనూ గాలివానకు జంకని సంత ఏదైనా ఉంటే అది మా చింతరేవు శుక్రవారం సంత ఒక్కటే. ఇది మా గొప్ప కాదు. మమ్మల్ని ఏలిన, ఏలుతున్న, ఇకముందు ఏలబోయే నాయకుల గొప్ప. ఈ సంగతి నలుగురికీ తెలిసేలా రాసి పెట్టమని మా సంత వర్తక సంఘం అధ్యక్షులు శ్రీనివాసరాజుగారు ఆదేశించినందువల్ల, కార్యదర్శి హోదాలో రాస్తున్నాను. నా పేరు సత్తియ్య. సంతలో కొబ్బరిపీచు తాళ్లు అమ్ముతాను. ఈ వ్యవహారంలో నాకు స్వార్థం ఏమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

కోనసీమలో అన్నీ దొరుకుతాయి, రాయి తప్ప. కొబ్బరిబొండం అడగండి, దింపించి ఇస్తాం. అరటిగెల అడగండి, కోసి ఇస్తాం. కుక్కను అదిలించడానికి ఒక రాయి కావాలంటే మాత్రం మట్టిబెడ్డతో సరిపెట్టుకోవాలి. మా పిల్లలు కొండ అనేదాన్ని మొదటిసారి చూసేది అన్నవరం మొక్కు తీర్చుకోవడానికి వెళ్లినప్పుడే. మా కాళ్ల కింద ఉన్నదంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. ఎండాకాలం గడ్డపారకు లొంగదు. వాన పడితే జావైపోతుంది. అందులో దుకాణం రాట పాతితే నిలబడినట్టే ఉంటుంది గానీ దాని మనసు నిలకడగా ఉండదు. ఓ మోస్తరు గాలి వీచిందంటే రాట, దాని మీది బరకం, బరకం కింది తక్కెడ అన్నీ కలిసి ప్రయాణం కడతాయి. వానకు ధాన్యం రాశుల మీద కప్పుతారే, ఆ బరకమే సంతలో మాకు ఇంటికప్పు.

తొంభైయారు తుపానులో మా సంత సామాను ఎక్కడెక్కడికో వెళ్లింది. గుడ్డల కొట్టు అబ్బులు జాకెట్టు ముక్కలు కొబ్బరిచెట్ల మొవ్వుల్లో చాలాకాలం వేలాడాయి. కూరగాయల పాపాయి తక్కెడ పళ్లెం ఒకటి ఏటికవతల దొరికింది. రెండోది ఇప్పటికీ దొరకలేదు. అయితే ఆ తుపానులో మనుషులే పోయారు. సామాను కోసం ఏడవడానికి సిగ్గనిపించి మేమెవరం ఏడవలేదు.

ఆ తరువాతే మంత్రిగారు దయచేసి, 'శాశ్వత తుపాను రక్షిత సంత భవన సముదాయా'నికి శంకుస్థాపన చేశారు. సంత మైదానం మధ్యలో ఇటుకలతో, సిమెంటుతో దిట్టమైన దిమ్మె కట్టి, అందులో రాజమండ్రి నుంచి తెప్పించిన నల్లరాతి పలక నిలబెట్టారు. పలక మీద తెర తీసి మంత్రిగారు ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా, దీన్ని మీరు రాయి అనుకోవద్దు. ఇది నా మాట. ఎంత గాలి వీచినా, ఎంత వాన కురిసినా ఇది కదలదని ఈ సభాముఖంగా హామీ ఇస్తున్నాను."

మంత్రిగారు మాట తప్పే మనిషి కారు. రాయి కదల్లేదు.

రెండు మూడు వారాలకే సంత మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. పాపాయి దిక్కుతోచక తన బరకం తాడు తీసుకెళ్లి మంత్రిగారి దిమ్మెకు చుట్టేసింది. అందరి బరకాలూ గాల్లోకి లేచాయి. పాపాయిది మాత్రం రెపరెపలాడి ఊరుకుంది. ఆ క్షణంలో మా సంత చరిత్ర మలుపు తిరిగింది. శంకుస్థాపన రాయి దేనికి పనికొస్తుందో ఈ దేశంలో మొట్టమొదట కనిపెట్టింది మా పాపాయి అని నా నమ్మకం. మరుసటి శుక్రవారానికి ఆ దిమ్మె చుట్టూ చోటు కోసం కొట్టుకునేంత పని అయింది.

అదృష్టం ఏమిటంటే, మా నాయకులు ఒక్క రాయితో తృప్తిపడే రకం కాదు. మొదటి రాయి మీద ఎంపీగారి పేరు చిన్న అక్షరాల్లో పడిందని ఆయన అలిగి, తన పేరు పెద్ద అక్షరాల్లో వేయించి మరో రాయి వేశారు. జిల్లా పరిషత్తువారి పేరు రెండింటిలోనూ లేదని వారొకటి వేశారు. ప్రభుత్వం మారాక పాతవారు వేసిన రాయి చెల్లదని కొత్తవారొకటి వేశారు. అది వేసింది అమావాస్యనాడని ఎవరో పంచాంగం చూసి చెబితే, మంచిరోజు పెట్టించి అదే నాయకుడు మళ్లీ వచ్చారు. ఒకసారి అంతా సవ్యంగా జరిగి ఫొటోలు సరిగా రాలేదు. ఫొటోల కోసం ఇంకో రాయి. షెడ్డు ఒకటే, అదీ రాలేదు. రాళ్లు మాత్రం మైదానమంతా మొలిచాయి. ఇన్ని రాళ్లు ఒక్కచోట చూడాలంటే కొండలున్న ఊరికే వెళ్లాలి.

షెడ్డు ఏమైందని మేం ఎవరినీ అడగలేదు. మర్యాద తెలిసినవాళ్లం.

రాళ్లున్నచోట రాజ్యాంగం కూడా ఉండాలి కాబట్టి సంఘం తరఫున నిబంధనలు రాశాం. ప్రతి రాతి మీదా పైన ప్రభుత్వ ముద్ర ఉంటుంది. దాని కింద ముఖ్య అతిథి పేరు కొబ్బరికాయంత అక్షరాల్లో, ఆ కింద మిగతా పెద్దలవి హోదా తగ్గేకొద్దీ సన్నబడుతూ ఉంటాయి. అన్నిటికీ అడుగున, దిమ్మెకు ఆనుకుని, 'ప్రజల సౌకర్యార్థం' అని ఒక వరుస ఉంటుంది. తాడు ఏ నాయకుడి పేరు మీదుగానూ పోరాదన్నది మా మొదటి నిబంధన. ఇది ఊరికే పెట్టింది కాదు. ఒకసారి అరటిపళ్ల బండివాడి ముడి ఒక మండల నాయకుడి ఇంటిపేరు మీద పడిందని ఆయన మనుషులు రోడ్డుకు అడ్డంగా కూర్చుని కాకినాడ బస్సులు ఆపేశారు. అప్పటినుంచి ముడులన్నీ అడుగు వరుస మీదే వేస్తున్నాం. గాలికి తాడు లాగినప్పుడల్లా ఆ వరుస మీద ఒరుసుకుంటుంది. అది ఎవరి పేరూ కాదు కనుక ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక హద్దుల సంగతి. మంత్రిగారి రాయికి తూర్పు కట్టు పాపాయిది. ఎంపీగారి రాయి పూర్తిగా మా అధ్యక్షులు రాజుగారి బియ్యం కొట్టుది. అమావాస్య రాయిని ఎవరూ తీసుకోకపోతే నేనే తీసుకున్నాను. ఈ చుట్టుపక్కల సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు "కుర్రాడిది ఏ రాయండి?" అని అడగడం ఇప్పుడు మామూలైపోయింది.

ఇంత చక్కటి ఏర్పాటులో ఒక్కరికే రాయి లేదు. ఆమె ఏసమ్మ. ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె చోటు సంతకు దక్షిణం చివర, సముద్రం గాలి నేరుగా వచ్చి తగిలే చోట. అక్కడ ఎందుకంటే, వాసన మిగతా సంతకు రాకుండా ఉండాలని పెద్దలు ఎప్పుడో నిర్ణయించారు. గాలి దక్షిణం నుంచే వీస్తుంది కాబట్టి వాసన ఎలాగూ మా మీదికే వస్తుందన్న సంగతి ఆ పెద్దలకు తట్టలేదు. అయినా పెద్దల నిర్ణయాన్ని గాలి దిక్కు చూసి మార్చుకుంటామా?

ఏసమ్మ రాటలు బురదలోనే పాతుకునేది. గాలి లేచిందంటే ఒక రాటను తను, మరో రాటను ఆమె భర్త యెహెజ్కేలు కౌగిలించుకుని నిలబడేవారు. బేరానికి వచ్చినవాళ్లే నెత్తళ్లనే ఆ చిన్నచేపలు తూచుకుని, వాళ్లే సంచిలో పోసుకునేవారు. తూకం ఎటు మొగ్గుతోందో ఏసమ్మ రాట వెనకనుంచి మెడ చాచి చూసేది. అంతకుమించి చేయగలిగింది లేదు. చెయ్యి వదిలితే బరకం పోతుంది. బరకం పోతే సరుకు తడుస్తుంది. ఎండుచేప ఒకసారి తడిసిందంటే పురుగుపడుతుంది, మళ్లీ ఎండబెట్టినా ఎవరూ ముట్టుకోరు. వేసవంతా ఇసుకలో ఆరబోసి, కాకుల్ని తోలి, దాచుకున్న సరుకే ఆ కుటుంబానికి ఏడాది తిండి. అందుకని వాన మబ్బు కనిపిస్తే సంతలో అందరం ఆకాశం వైపు చూసేవాళ్లం. ఏసమ్మ మాత్రం రాళ్లవైపు చూసేది.

ఒక ఏడు తొలకరి రోజుల్లో ఆమె రాజుగారి కొట్టు దగ్గరకు వచ్చింది. కొట్టుకు బాగా ఎడంగా నిలబడింది.

"రాజుగారండి, పాపాయమ్మగారి తాడు పక్కన నాదో తాడు కట్టుకోనివ్వండి. ఒక్కటేనండి. రెండో పక్క మా ఆయన పట్టుకుంటాడు."

"నీకు కాదంటానా ఏసమ్మా," అన్నారు రాజుగారు. "కానీ ఆ రాయి మీద ఎవరి పేరుందో చూశావా?"

"నాకు చదువు రాదు కదండి."

"అదే మరి. చదువొచ్చిన నలుగురితో ఓ మాట అనుకోవాలి."

చదువొచ్చిన నలుగురం కూర్చున్నాం. చెప్పుకోవాల్సిన విషయం ఏమిటంటే, మాలో ఎవరికీ ఏసమ్మ మీద ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరాలన్నీ వేరేవాళ్లవి. వాటిని మేం కేవలం వారి తరఫున చెప్పాం.

"నాకే పట్టింపూ లేదండి," అన్నాడు అబ్బులు. "రేపు మంత్రిగారొచ్చి, నా పేరు దగ్గర నెత్తళ్ల వాసనేంటయ్యా అంటే ఎవరు చెప్తారండి సమాధానం?"

"నాకూ ఏం లేదండి," అంది పాపాయి. "బేరానికొచ్చే ఆడవాళ్లు ఏమైనా అనుకుంటారేమోనని."

రాజుగారు ఊరి మర్యాద తరఫున మాట్లాడారు. తాళ్ల తరఫున నేను మాట్లాడలేదు. ఆ సాయంత్రం మా నలుగురి ఇళ్లలోనూ ఏసమ్మ దగ్గర కొన్నవే వండారని తరువాత తెలిసింది. వాటిని కాగితాల్లో గట్టిగా చుట్టి, సంచి అడుగున పెట్టి, పైన తోటకూర కప్పి ఇంటికి తీసుకెళ్లడం మా ఊరి ఆచారం. రాజుగారికైతే వంకాయలో ఎండురొయ్యలు పడకపోతే ముద్ద దిగదు.

సంఘం ధర్మం తప్పే సంఘం కాదు. ఏసమ్మకు అన్యాయం జరగకూడదు, అలాగని ఆమె దగ్గరికీ రాకూడదు. ఈ రెంటికీ ఇబ్బంది లేకుండా ఆమెకు విడిగా ఒక రాయి వేయించాలని తీర్మానించాం. రాయి ఊరికే వేయరు కదా, దానికో పథకం కావాలి. 'ఎండుచేపల ఆధునిక విక్రయ కేంద్రం' మంజూరు చేయవలసిందిగా ఎమ్మెల్యేగారికి మహజరు పెట్టుకున్నాం. షెడ్డు అడిగితే ఏళ్లు పడుతుందేమో గానీ రాయి అడిగితే మా నాయకులు క్షణం ఆలస్యం చేయరు. ఎమ్మెల్యేగారు వెంటనే వచ్చేశారు. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మత్స్యసంపద గొప్పతనం గురించి చాలాసేపు మాట్లాడారు. అయితే కారు ఆగిన చోటినుంచి ఏసమ్మ చోటుకు వెళ్లాలంటే మోకాలిలోతు బురద. ఎమ్మెల్యేగారివి తెల్లబట్టలు. అందుకని రాయిని రోడ్డు పక్కన, కారు తలుపు తీస్తే అందేచోట వేశారు. అది సరిగ్గా అబ్బులు గుడ్డల కొట్టు ముందు పడింది. పాపం అబ్బులు, రాయి ఖాళీగా ఉంటే బాగుండదని తాత్కాలికంగా తన తాడు కట్టాడు. ఎండుచేపల రాయికి గుడ్డల కొట్టు కట్టుకున్నందుకు అతణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఏసమ్మ ఓసారి వచ్చి ఆ రాయిని చూసి వెళ్లిపోయింది.

ఇలా సజావుగా సాగుతున్న మా బతుకుల మీద ఒకనాడు పిడుగు పడింది. ప్రభుత్వం నిజంగానే షెడ్డు కట్టడానికి సిద్ధపడింది.

మొదట మాకు అనుమానం రాలేదు. కాకినాడ నుంచి శాంతికుమార్ అనే కుర్ర ఇంజనీరు జీపులో దిగాడు. వెంట దండలు లేవు, మైకు లేదు, కొబ్బరికాయ లేదు. కొలతల టేపు ఉంది. మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి కొలుస్తున్నాడు. ఎవరిదో పొలం సర్వే కాబోలు, దారి తప్పి వచ్చాడనుకుని పాపాయి మంచినీళ్లు కూడా ఇచ్చింది. సంగతి తెలిశాక సంఘం అత్యవసర సమావేశం పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టాం. మేమంతా గదిలో బెంచీల మీద కూర్చున్నాం. ఏసమ్మ కూడా వచ్చింది. ఆమె ఎప్పటిలాగే బయట మెట్ల మీద కూర్చుంది. లోపలికి రావద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రమ్మని కూడా చెప్పలేదు.

ఇంజనీరు కాగితం పరిచి వివరించాడు. కాంక్రీటు స్తంభాలు, స్లాబు కప్పు, నేల ఎత్తు చేసి గచ్చు, తడి రాకుండా పక్క గోడలు. ఎంత గాలి వచ్చినా దుకాణం కట్టుకోవడం, విప్పుకోవడం అనే బాధే ఉండదన్నాడు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"మీరందరూ అడిగిందే కదండి ఇది?" అన్నాడు మా మౌనం చూసి.

"అడిగామండి," అన్నాడు అబ్బులు. "ఇచ్చేస్తారనుకోలేదండి."

రాళ్లు ఏమవుతాయని పాపాయి అడిగింది. పునాదులకు అడ్డం కాబట్టి తీసేయాలన్నాడు. చోట్లు ఎలా పంచుతారని రాజుగారు అడిగారు. చీట్లు వేసి తీస్తారట, ఎవరికి ఏది వస్తే అదేనట.

"ఎండుచేపలు కూడానా అండి?" అన్నాడు అబ్బులు.

"అన్నీనండి. కప్పు అందరికీ ఒకటే కదా," అన్నాడు ఇంజనీరు. పాపం, చిన్నవాడు. ఆ ఒక్క మాటతో తన షెడ్డును తానే కూల్చుకున్నాడు.

రాజుగారు లేచి ప్రసంగించారు. ఆ ప్రసంగం విని నాకే కళ్లు చెమర్చాయి.

"అయ్యా ఇంజనీరుగారూ, మీరు చదువుకున్నవారు, మీకు తెలియదని కాదు. ఈ మైదానంలో ఉన్నవి మీకు రాళ్లు. మాకవి మహనీయుల వాగ్దానాలు. గడ్డపార పెట్టి వాగ్దానాలు పెళ్లగించమంటారా? పెద్దల పేర్లను పెంటకుప్పలో పడేయమంటారా? మా తాడు ఆ మహనీయుల పాదాల దగ్గర కట్టుకుని బతుకుతున్నాం. ఆ బంధాన్ని తెంచి, మమ్మల్ని ఒక కప్పు కింద పోగుచేసే హక్కు ఎవరిచ్చారండి మీకు? నీడ కోసం కృతజ్ఞతను వదులుకునే జాతి కాదండి మాది."

చప్పట్లు ఆగాక, మెట్ల మీదనుంచి ఏసమ్మ గొంతు వినిపించింది.

"అయ్యా, నాకు ఏ మూలొచ్చినా పర్లేదండి. వాన పడకపోతే చాలండి. షెడ్డు కట్టించేయండయ్యా."

నేను తీర్మానం రాసేశాను. హాజరైనవారందరూ ఏకగ్రీవంగా షెడ్డు వద్దన్నారని, ఉన్న రాళ్లను యథాతథంగా కాపాడాలని కోరారని. ఇంజనీరు అది చదివి తలెత్తాడు.

"ఏకగ్రీవం ఏంటండి, ఆవిడ కావాలంటున్నారు కదా?"

"ఆవిడ మెట్ల మీద ఉందండి," అన్నారు రాజుగారు శాంతంగా. "సభ గదిలో జరుగుతోంది."

శాంతికుమార్ టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. మా షెడ్డు ఏటి అవతలి ఊరికి వెళ్లిపోయింది. వాళ్లకు పాపం ఒక్క శంకుస్థాపన రాయి కూడా లేదు. నేరుగా షెడ్డే కట్టించుకోవలసి వచ్చింది.

అక్కడ షెడ్డు లేచిన ఏడే కార్తీకమాసంలో, సరిగ్గా సంతరోజున వాయుగుండం తీరం వైపు వస్తోందని రేడియోలో చెప్పారు. ఏటి అవతల అందరూ షెడ్డులోకి సామాను సర్దుకున్నారట. మేం సంత ఆపుకోవాలా అన్న ప్రశ్నే రాలేదు. రాళ్లున్నాయి కదా. తాళ్లు మాత్రం రెండేసి పేటలు కట్టాలని సంఘం తీర్మానించింది. ఆ ఉదయం నా తాళ్లన్నీ చెల్లిపోయాయి. ఇది యాదృచ్ఛికం.

మధ్యాహ్నానికి గాలి అందుకుంది. నేను కళ్లతో చూసింది రాస్తున్నాను. రాళ్లు అంగుళం కదల్లేదు. నా తాళ్లు ఒక్కటి తెగలేదు. ఈ సందర్భంగా నా సరుకు నాణ్యతను అందరూ గమనించగలరు. అయితే తాడుకు ఒక చివర రాయి ఉంది గానీ, రెండో చివర ఉండవలసినవి లేవు. బరకాలు అంచులు చీరుకుని వెళ్లిపోయాయి. వెదురు రాటలు పుల్లల్లా విరిగాయి. రాజుగారి బియ్యం నీళ్లలో కలిసింది. పాపాయి టమాటాలు కాలవ దారి పట్టాయి. అబ్బులు చీరలు మళ్లీ కొబ్బరిచెట్లు ఎక్కాయి. అబ్బులు మాత్రం ఎండుచేపల రాయిని కౌగిలించుకుని నాయకుల పేర్లన్నీ వరసగా పిలుస్తున్నాడు. వాళ్లెవరూ పలకలేదు. అందరం చచ్చిపోతామనే అనుకున్నాం. నాకైతే మా ఇంటిది గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఏసమ్మకు కట్టుకోవడానికి రాయి లేదు కనుక, తొలి గాలికే ఆమె, యెహెజ్కేలు దుకాణం విప్పేసి, సరుకంతా బరకంలో మూటలు కట్టి, మైదానం పక్కనున్న చర్చిలో పెట్టుకున్నారు. ఆ చుట్టుపక్కల స్లాబు కప్పు ఉన్నది దానికే. మేం కూడా ఒకర్నొకరు పట్టుకుని అటే పరుగెత్తాం. మెట్ల దాకా వెళ్లి ఆగిపోయాం. ఎందుకు ఆగామో నాకిప్పటికీ తెలియదు. తలుపు కొడితే ఏసమ్మ తీస్తుందని అందరికీ తెలుసు. కొట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ వానలో రాజుగారితో సహా సంఘం మొత్తం మెట్ల మీద కూర్చుంది.

కొట్టకుండానే తలుపు తెరుచుకుంది.

"మెట్ల మీద ఎందుకండి?" అంది ఏసమ్మ. "లోపలికి రండి. చోటుంది."

లోపలికి వెళ్లి ఇరుక్కుని కూర్చున్నాం. ఆమె చీర కొంగు పిండి పాపాయి తల తుడిచింది. రాజుగారు వణికిపోతూ నెత్తళ్ల మూటకు చేరగిలబడి, కాసేపటికి దాని మీదే తలపెట్టి నిద్రపోయారు. వాసన వచ్చిందా అని తరువాత కొందరు నన్ను అడిగారు. వచ్చే ఉంటుంది. ఊపిరి ఆడుతోందన్న సంతోషంలో నేను గమనించలేదు. తెల్లారేసరికి గాలి తగ్గింది. అందరం బతికాం.

నష్టాన్ని పరిశీలించడానికి మంత్రిగారు వచ్చారు. చుట్టూ చూశారు. మైదానంలో నిలబడి ఉన్నవి రాళ్లు మాత్రమే. ఆయన పత్రికలవారి వైపు తిరిగారు.

"ఇంతటి ప్రళయంలోనూ చెక్కుచెదరలేదంటే ప్రభుత్వ నిర్మాణాల నాణ్యత ఎలాంటిదో పత్రికలవారు రాయాలి," అన్నారు. పత్రికలవారు రాశారు. రాళ్లు వేసిన కాంట్రాక్టరుకు శాలువా కప్పారు. మీకేం కావాలో కోరుకోండని మంత్రిగారు మమ్మల్ని అడిగారు.

కృతజ్ఞత అంటే ఏమిటో మా సంఘానికి తెలుసు. రాజుగారు ముందుకు వచ్చి, మాకేమీ వద్దని, మా అందరి ప్రాణాలు కాపాడిన ఏసమ్మకు మాత్రం ఒక రాయి వేయించాలని వేడుకున్నారు. ఈసారి రోడ్డు పక్కన కాదు, ఖచ్చితంగా ఆమె చోటులోనే వేయాలని పట్టుబట్టారు. ఆమె చోటును మా పక్కకు మార్చడం గురించి ప్రస్తావన రాలేదు. మంత్రిగారి కాళ్లకు బురద అంటకుండా చెక్కలు పరిచి, దక్షిణం చివర దాకా తీసుకెళ్లాం. అక్కడ, ఏటి అవతలికి వెళ్లిపోయిన ఆ షెడ్డుకే మళ్లీ శంకుస్థాపన జరిగింది. చెప్పొద్దూ, మిగతా రాళ్లన్నిటికంటే అందమైన రాయి.

ఆ తరువాతి శుక్రవారం ఏసమ్మ నా దగ్గరకు వచ్చి, దాని మీద ఏం రాశారో చదివి పెట్టమంది. వెళ్లి చదివాను. పేర్లు చాలా ఉన్నాయి, అన్నీ అయ్యేసరికి గొంతు ఎండిపోయింది. అడుగున 'ప్రజల ఏకగ్రీవ కోరిక మేరకు' అని ఉంది.

"ప్రజలంటే ఎవరండి సత్తియ్యగారండి?"

"ఎవరేంటి ఏసమ్మా, మనమే. అందరం."

"మెట్ల మీద కూర్చున్నోళ్లు కూడానా అండి?"

దీనికి సంఘం తీర్మానం లేకుండా కార్యదర్శి సమాధానం చెప్పకూడదు. నేను తాడు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టి, పేర్ల మీద పడకుండా కట్టుకోమని నిబంధన గుర్తుచేశాను. ఆమె వంగి, అడుగు వరుస మీద, గట్టిగా ముడి వేసింది.

ప్రస్తుతం మా సంతకు ఏ లోటూ లేదు. ఒక్క చిన్న ఇబ్బంది ఉంది, దాని కోసమే ఇంతా రాశాను. రాళ్ల మీద నాయకుల పేర్లన్నీ వేసిననాటిలాగే మెరుస్తున్నాయి. అడుగు వరుసలో మాత్రం తాళ్ల ఒరిపిడికి మొదటి మాట అన్ని రాళ్ల మీదా అరిగిపోయింది. ఒకచోట 'సౌకర్యార్థం' అని మిగిలింది. ఒకచోట 'ఏకగ్రీవ కోరిక మేరకు' అని మిగిలింది. ఎవరి సౌకర్యార్థమో, ఎవరి కోరికో చదివేవాళ్లకు తెలియడం లేదు. రంగు వేయించి సరిచేద్దామని సంఘం కూర్చుంటే, ఆ ఖాళీలో ఏ మాట ఉండేదో గదిలో ఉన్న ఒక్కరికీ గుర్తు రాలేదు. మెట్ల మీదివాళ్లను అడగాలని ఎవరికీ తోచలేదు. మీ ఊళ్లోనూ ఇలాంటి రాళ్లు ఉండే ఉంటాయి. వాటి మీద ఆ మాట ఇంకా అరగకుండా ఉంటే, దయచేసి చూసి మాకు తెలియజేయగలరని మనవి.